కదలికను కనిపెట్టు కన్ను – దాని మొరాయింపులు

మల్లాపూరులో ఒక ఇంటి నడవయందు, పెరటి తలుపునకు ఎదుటి గోడమీద, అగ్గిపెట్టెకన్న కొంచెము పెద్దదైన తెల్లని డబ్బా ఒకటి అంటింపబడియున్నది. దానికి తీగ లేదు. లోపల రూపాయి బిళ్ళవంటి బ్యాటరీ, ముందు పాలపొరవంటి గవాక్షము. అంతకుమించి చూచుట కేమియు లేదు. ఆ ఇంట డెబ్బది యేండ్లు దాటిన అవ్వ ఒంటరిగా నివసించుచున్నది. కుమారుడు దుబాయిలో పనిచేయుచున్నాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల శ్రోతలకు ఇట్టి ఇండ్లను గూర్చి మేము వేరుగ చెప్పనక్కరలేదు.

రాత్రివేళ అవ్వ లేచి నడవలో అడుగిడగానే దీపము తనంత వెలుగవలెను. ఉదయము పది గంటల వరకు ఇంటిలో కదలిక లేనిచో కుమారుని ఫోనునకు వార్త పోవలెను. ఏర్పాటు ఇంతియే. కొన్ని నెలలు చక్కగా నడచి పిమ్మట మొరాయించెను. రెండు మూడు రాత్రులు దీపము వెలుగలేదు. ఒకనాడు అవ్వ నిక్షేపముగా వంట చేసికొనుచుండగానే “కదలిక లేదు” అను వార్త దుబాయికి చేరెను. కుమారుడు కంగారుపడి ప్రక్కయింటివారికి ఫోను చేయగా, వారు పరుగున వచ్చి తలుపు బాదిరి. అవ్వ గరిటెతోనే వచ్చి తలుపు తీసెను. అటు తరువాత మాకు పిలుపు వచ్చినది.

ఇట్టి పరికరమును సరిచేయబూనువారు మొదట దాని స్వభావమును తెలిసికొనవలెను. ఇది మనుష్యుని చూడదు. మనుష్యుని వేడిమిని చూచును. ఎఱ్ఱని కాంతికి ఆవల కంటికి కానరాని కిరణములు కలవని విలియం హెర్షెల్ 1800వ సంవత్సరమున ఉష్ణమాపకముతో కనుగొనెను. మన దేహమునుండి అట్టి కిరణములు ఎల్లప్పుడును వెలువడుచుండును. డబ్బాలోని స్ఫటికపు తునుకలు రెండు. వేడిమి మారినప్పుడు వానియందు స్వల్పమైన విద్యుత్తు పుట్టును. రెండింటిని ఒకదానికొకటి ఎదురుగా కలుపుదురు. కావున గదియంతయు ఒక్కమారుగా వేడెక్కినను, చల్లబడినను ఆ రెండును పరస్పరము రద్దుచేసికొనును. మనిషి ఒక తునుక ఎదుటినుండి మఱియొక తునుక ఎదుటికి జరిగినప్పుడే భేదము తోచును. ముందున్న పాలపొర ఫ్రెనెల్ అను ఫ్రెంచివాడు దీపస్తంభములకై కల్పించిన కటకమునకు వారసురాలు. అది గదిని విసనకఱ్ఱ రేకులవలె ముక్కలుగా విభజించును. అడ్డముగా నడచువానిని ఇది వెంటనే పట్టును. నేరుగా తనవైపునకే వచ్చువానిని ఆలస్యముగా పట్టును. అద్దపు కిటికీకి ఆవలనున్నవానిని పట్టనే పట్టదు, ఏలయన ఆ కిరణములకు గాజు గోడయే.

ఇక కనిపెట్టిన సంగతిని చెప్పుటకు దీనికి చిన్న రేడియో గొంతు కలదు. వినుటకు ఇంటిలో మఱియొకచోట హబ్బు అను పెట్టె కలదు. విన్నప్పుడు ఏమి చేయవలెనో ఆ పెట్టెలో ఆజ్ఞ వ్రాయబడి యుండును. కన్ను, గొంతు, చెవి, ఆజ్ఞ – ఈ నాల్గింటిలో దోషమెచ్చట నున్నదో తెలియక డబ్బాను ఊడబెరికి పాఱవేయువారిని మేము పెక్కుమందిని చూచితిమి. చాల డబ్బాలకు కదలిక తోచినప్పుడు మినుకుమను చిన్న దీపము ఉండును. అది మినుకుమని, నడవ దీపము వెలుగనిచో కన్ను బాగుగనే యున్నది, వెదుకవలసినది ఆవలనే.

పరీక్షించుటలోనే చాలమంది పొరబడుదురు. డబ్బా ముందు నిలిచి చేతులు ఊపుచు, “చూడండి, పలుకుట లేదు” అందురు. బ్యాటరీ పొదుపునకై ఇట్టివి ఒకమారు కదలికను తెలిపిన పిదప ఒక నిమిషమో, అంతకు హెచ్చుగనో నిద్రించును. కొన్నిటిలో ఆ కాలమున మరల కదలినచో గడువు మొదటికి వచ్చును. ఊపినకొలదియు అది పలుకదు. అందఱును గది విడిచి, మూడు నాలుగు నిమిషములు ఆగి, ఒక్కరు మాత్రము అడ్డముగా నడచి రావలెను. ఓపికలేనివారికి ఈ పరీక్ష పనికిరాదు.

అవ్వ ఇంట మేము మొదట చూచినది బ్యాటరీ. ఒకటి రెండేండ్లు నిలువవలసిన బిళ్ళ ఆఱు వారములకే అడుగంటినది. క్రొత్తది వేసితిమి, మరల అంతే. నాసిరకపు బిళ్ళ యనుకొని వేఱొక అంగడినుండి తెప్పించితిమి, ఫలితము మారలేదు. అప్పుడు గొంతును అనుమానించితిమి. ఈ డబ్బా వాడునది జిగ్‌బీ అను పద్ధతి. ఇందు ప్రతి డబ్బాయు హబ్బుతో నేరుగా మాటలాడ నక్కఱలేదు; నడుమ కరెంటుతో నడచు పరికరము ఏదైన ఉన్నచో దానికి చెప్పును, అది ముందుకు అందించును. అవ్వ ఇంట హబ్బు ముందుగదిలో నున్నది. నడవకును దానికిని నడుమ రెండడుగుల మందముగల పాతగోడయు, దానికి ఆనించిన ఇనుప బీరువాయు కలవు. కావున డబ్బా వసారాలోని స్మార్టు బల్బును దాదిగా ఎన్నుకొనినది. ఆ బల్బు ఫోనుతో ఆర్పదగినదే. కాని అవ్వ రాత్రి పడుకొనుటకు ముందు గోడమీది స్విచ్చునే నొక్కును. “ఉత్తగనే కరెంటు ఎందుకు కాలవెట్టాలె బిడ్డా?” అని మమ్ము అడిగెను. ఆమె యందు దోషము లేదు. స్విచ్చు నొక్కగానే దాది మాయమగును. డబ్బా రాత్రియంతయు దానిని పిలుచుచు, వెదకుచు, బ్యాటరీని వ్యయము చేసికొనును. రాత్రి దీపము వెలుగకుండుటకును, బిళ్ళ త్వరగ అడుగంటుటకును కారణ మొక్కటియే. దాది లేనప్పుడు పలికిన మాట హబ్బునకు చేరదు. పగలంతయు సరిగనే యుండును గనుక చూడవచ్చినవారికి దోషము కానరాదు.

స్విచ్చుపై పట్టీ అంటింపుమని కుమారుడు చెప్పెను. అవ్వ ఒప్పుకొనలేదు, మేమును బలవంతపెట్టలేదు. ఇల్లు ఆమెది. ఎన్నడును ఆర్పని ఫ్రిజ్జు ప్రక్క సాకెట్టులో జిగ్‌బీ ప్లగ్గు నొకటి బిగించి, డబ్బాను హబ్బుతో క్రొత్తగా జతచేసి, అది ప్లగ్గును దాదిగా గైకొన్నట్లు నిర్ధారించుకొంటిమి.

రెండవ దోషము ఆజ్ఞలో నుండెను. “సూర్యాస్తమయము పిదప కదలిక యున్న దీపము వెలిగించుము” అని కుమారుడు దుబాయినుండి వ్రాసినాడు. ఖాతాలో ఊరు దుబాయిగనే యున్నది. మే నెల నడుమ మల్లాపూరున ప్రొద్దు సుమారు 6 గంటల 40 నిమిషములకు గ్రుంకును. దుబాయిలో అక్కడి 7 గంటల వేళకు గ్రుంకును. అనగా మన గడియారమున ఎనిమిదిన్నర. చీకటి పడిన పిదప గంటన్నరకు పైగా నడవ అంధకారము! ఊరు మార్చగానే ఇది తీరినది.

మూడవది ఇంత సులభము కాదు. వేసవిలో జగిత్యాల జిల్లాయందు 45 డిగ్రీలు దాటుట వింత కాదు. పడమటి ఎండను త్రాగిన గోడ రాత్రి కూడ చల్లారదు. మన చర్మపు వేడిమి సుమారు 33, 34 డిగ్రీలు. గోడయు అంతే వేడిగ నున్నప్పుడు ఆ కంటికి మనిషియు గోడయు ఒక్కటియే. పాల గిన్నెలో పాలచుక్కను వెదకినట్లు. దీనికి బ్యాటరీ మార్చుట, తుడుచుట మందు కాదు. డబ్బాను లోపలి గోడ నేపథ్యముగా నుండునట్లు మార్చితిమి. నడచు దారికి అడ్డముగా, దగ్గరగా, ఆఱేడడుగుల ఎత్తున నిలిపితిమి. పెరటి తలుపునకు అయస్కాంతముతో పనిచేయు మఱియొక చిన్న డబ్బాను చేర్చితిమి. తలుపు తెఱచిన సంగతి తెలుపుటకు దానికి ఎండతో పనిలేదు.

ఈ ప్రాంతపు ఇండ్లలో మఱికొన్ని చిత్రములు కలవు. పసుపు ఉడుకబెట్టు దినములలో పెరటి ఆవిరి మబ్బు కదలి కంటిని మోసగించును. ప్రహరీమీద నడచు కోతి అర్ధరాత్రి దీపములు వెలిగించును. పిల్లిని, కుక్కను లెక్కింపదని అమ్మిన డబ్బాయైనను, గోడయెక్కి కంటి ఎత్తునకు వచ్చిన కోతిని వదలదు. వై-ఫై పెట్టెయు జిగ్‌బీయు ఒకే 2.4 గిగాహెర్ట్‌జుల దారిలో పోవును గనుక హబ్బును దానికి రెండు మూడు గజముల దూరమున నుంచవలెను.

ప్రక్కయింట బీడీలు చుట్టు ఒక తల్లి గదిలో ఇట్టిదే పెట్టించుకొనినది. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు; గంటలకొలది ఆమె కదలదు, వ్రేళ్ళు మాత్రమే కదలును. అయిదు నిమిషముల కొకమారు దీపము ఆరిపోవుచుండెను. “నేను ఈడనే కూసున్న గదా, దీపం నన్ను గుర్తువట్టదాయె” అని ఆమె మాకు మొఱపెట్టుకొనినది. ఆ డబ్బాలో చెడినది ఏమియు లేదు. ఆ పనికి అది తగదు, అంతే. శ్వాసవలన కలుగు కదలికను సైతము పసిగట్టు రాడారు పరికరములు నేడు దొరకుచున్నవి. కాని అవి కరెంటును హెచ్చుగ కోరును, బిళ్ళతో నడుపుట కష్టము. ఆమెకు మేము మామూలు స్విచ్చునే తిరిగి బిగించితిమి.

అవ్వ సంగతియందు మా మనస్సును బాధించినది వేఱొకటి. “కదలిక లేదు” అను వార్తకు రెండర్థములు: అవ్వ పడిపోయినది, లేక బ్యాటరీ పడిపోయినది. దూరదేశమున నున్న కుమారునకు రెండును ఒక్కతీరుగనే వినిపించును. నాలుగు మారులు వృథాగ కంగారుపడినవాడు అయిదవ మారు లేవడు. ఇట్టి డబ్బాలు కదలిక లేకున్నను అప్పుడప్పుడు “నేనున్నాను” అని హబ్బునకు తెలుపుచుండును. ఆ పలుకు చాలసేపు రానిచో “డబ్బా పలుకుట లేదు” అనియు, అది వచ్చుచు కదలిక మాత్రము లేనిచో “అవ్వను చూడుడు” అనియు రెండు వేఱు వార్తలుగ వ్రాసితిమి. రెండవ వార్త దుబాయికే గాక ప్రక్కయింటివారి ఫోనునకు కూడ పోవును. ముందుగ తలుపు చేరగలవారు వారే గదా!

నడవలో మూడు వాట్ల చిన్న బల్బు నొకటి రాత్రియంతయు వెలుగునట్లు కూడ అమర్చితిమి. రాత్రికి పది గంటల చొప్పున నెలకు ఒక యూనిటు కూడ కాలదు. ఈ లెక్కను అవ్వకు రెండుమారులు చెప్పవలసివచ్చినది. ఆమె వ్రేళ్ళమీద లెక్కించి చూచుకొని ఒప్పుకొనెను. వసారా స్విచ్చును మాత్రము ఇప్పటికిని ప్రతిరాత్రియు నొక్కుచునే యున్నది.