కార్తీకంలో వీధి కొట్టు

నవంబరులో ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి బండ్లు బారులు తీరుతాయి. చలిలో వచ్చిన రైతుకు మొదట కావలసింది వేడివేడి ఉగ్గాని, బజ్జీ. తడిపి పిండిన బొరుగులను ఉల్లిపాయ, పచ్చిమిర్చి తిరగమోతలో కలిపి, పైన పుట్నాల పొడి చల్లుతారు. ఆ పొడి చివర్లో పడితేనే కమ్మదనం.

ఆదోని పత్తి ఊరైతే, ఎమ్మిగనూరు చేనేత ఊరు. మాచాని సోమప్ప గారు 1938లో అక్కడ చేనేత సహకార సంఘాన్ని నెలకొల్పారు. కార్తీకం రాగానే ఈ ఊళ్ల వీధి కొట్లలో ప్రమిదలు, ఉసిరికాయలు, కార్తీక పౌర్ణమికి 365 వత్తుల కట్టలు దొరుకుతాయి. మన నేలలో పండే పత్తి వత్తిగా వెలగడం నాకెంతో ఇష్టం. దీపం సామాను పెద్ద బజారులో వెతక్కండి, మీ వీధి కొట్టులోనే కొనండి. పచ్చి బుడ్డలు (వేరుశనగకాయలు) కనబడితే అవీ తెచ్చుకుని, ఉప్పేసి ఉడకబెట్టుకోండి.