ఇంటిపనియు ఆత్మవృద్ధియు

దైవచింతనకు తీరిక కావలెనని మనలో ననేకులు తలతురు. ఆడపిల్లల పెండ్లిండ్లు కానిమ్ము, అప్పులు తీరనిమ్ము, పొలము కౌలున కిచ్చి ఒకమూల కూర్చుండి అప్పుడు చూచుకొందమని పెద్దలు చెప్పుకొనుట గ్రామములలో రచ్చబండయొద్ద నిత్యము వినబడు మాటయే. హిందువుల యిండ్లలో నెట్లో, క్రైస్తవుల యిండ్లలోను అట్లే. తీరిక మాత్ర మెవరికిని రాదు. ఒక పని ముగియులోపల రెండవది తలుపు తట్టును. ఇట్లుండగా సంసారికి ఆత్మవృద్ధి యెట్లు కలుగును? ఈ ప్రశ్నకు కతోలిక శ్రీసభ పెద్దలు చెప్పిన సమాధానమును, దాని నాచరించి చూపిన యొక కుటుంబముయొక్క చరిత్రమును నేడు మీకు విన్నవింపదలచితిని.

నేను పాతపద్ధతిని విద్య నభ్యసించినవాడను. అమరముతో నారంభించి కావ్యములను, వ్యాకరణమును గురుముఖమున చదివితిని. తరువాత బహుకాలము కతోలికుల పాఠశాల యొకదానిలో తెలుగు పండితుడనుగా నుంటిని. కావున వారి యాచారములను దగ్గరనుండి చూచు నవకాశము నాకు కలిగెను. ‘కతోలిక’ యను మాట గ్రీకు భాషనుండి వచ్చినది. ‘సర్వమునకు చెందినది’ యని దాని యర్థము. సకలదేశములకును చెందిన సభ యని దానికి తాత్పర్యము చెప్పుదురు. ఆ యర్థముననే నాకు మరియొక భావము కూడ తోచుచుండును. దేవాలయములో వెలిగి, ఇల్లు చేరునప్పటికి ఆరిపోవు భక్తి సర్వమునకు చెందినదెట్లగును? వంటయింటిలోను, పొలముగట్టునను, కొట్టులో త్రాసు పట్టిన చేతియందును అది కనబడవలెను గదా!

ఆ సభవారు దినమును భాగించుకొన్న తీరు చూడదగినది. నిద్ర లేచినతోడనే ఆనాటి పనులను, సుఖదుఃఖములను దేవునికి సమర్పించుకొందురు. ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము గంట మ్రోగినప్పుడు త్రికాల జపము చేయుదురు. మన పెద్దలు మూడు సంధ్యలను పాటించినట్లే యిదియు నున్నది. భోజనమునకు ముందు కృతజ్ఞత చెప్పుదురు. రాత్రి పరుండబోవునప్పుడు ఆ దినమున చేసిన మంచిచెడ్డలను లెక్క చూచుకొందురు. 16వ శతాబ్దమున యేసుసభను స్థాపించిన పునీత ఇగ్నేషియసు లొయోలా ఈ యాత్మపరిశీలనమును తన శిష్యులకు విడువరాని నియమముగా బోధించెను. దివ్యబలిపూజయు, పాపసంకీర్తనమును ఈ దినచర్యకు బలము నిచ్చునని వారి విశ్వాసము.

మా పాఠశాలలో గంట కొట్టు వృద్ధుడొక డుండెడివాడు. చదువు స్వల్పము. మధ్యాహ్నము గంట మ్రోగించి, తలగుడ్డ తీసి, మరియమాతను స్మరించి, ఆ వెంటనే కుండలోని నీళ్లు ముంచి పిల్లల కిచ్చుచుండెడివాడు. “జపము అప్పుడే అయిపోయినదా?” యని నేనొకనాడు వేడుక కడిగితిని. “అయిపోలేదండీ పంతులుగారూ, ఈ నీళ్లు పోసేదిగూడా అందులోదేనండీ” అనెను. నేను చదివిన భాష్యములలో నంత చిన్నమాటలో నంత యర్థ మిమిడియుండుట అరుదు.

ఆ వృద్ధుడు తెలియకయే చెప్పిన దానిని నాలుగు శతాబ్దములకు ముందే యొక మహనీయుడు శాస్త్రముగా వ్రాసియుండెను. ఆయన పునీత ఫ్రాన్సిసు సాలెసు, జెనీవాకు పీఠాధిపతి, జీవితకాలము 1567 మొదలు 1622 వరకు. సంసారమం దున్న యొక గృహిణికి తాను వ్రాసిన హితోపదేశములను కూర్చి 1609లో భక్తిజీవనమునకు ప్రవేశికగా నొక గ్రంథమును ప్రకటించెను. భక్తి మఠములలో నున్నవారికే యనుకొనుట పొరపాటని యందు వాదించెను. పీఠాధిపతి అరణ్యవాసివలె ఏకాంతమున నుండరాదు. బిడ్డలు గల గృహస్థుడు సన్న్యాసివలె సంపాదన మానరాదు. పనివాడు దినమంతయు దేవాలయమున కూర్చుండరాదు. ఎవరి ధర్మమునకు తగినట్లుగా వారి భక్తి యుండవలెను. తన ధర్మమును చెరుపు భక్తి నిజమైన భక్తి కాదని యాయన సిద్ధాంతము. ఒకే పాఠమును ఒక్కొక బాలునికి ఒక్కొక రీతిని చెప్పవలసి వచ్చుట బడిపంతుళ్లకు తెలిసిన సంగతియే.

సిద్ధాంతము చెప్పుట సులభము. దానికి నిదర్శనము కావలెను. ఫ్రాన్సుదేశమున ఆలాంసోను అను పట్టణమున లూయీ మార్టిన్ అను గడియారముల పనివాడుండెను. యౌవనమున నతడు మఠమున చేరగోరి ఆల్ప్సు పర్వతములలోని సన్న్యాసుల నాశ్రయించెను. లాటిను రాదని వారు చేర్చుకొనరైరి. ఆ పట్టణముననే జేలీ గెరెన్ అను కన్యయు మఠమున చేరగోరి నిరాకరింపబడెను. ఆమె సూదితో లేసు కుట్టుట నేర్చి, దానినే వృత్తిగా నడపుకొనుచుండెను. మన నరసాపురపు ప్రాంతమున స్త్రీలు లేసు అల్లుట మీరు చూచియే యుందురు. ఆ పని కెంత యోర్పు కావలెనో మీకు చెప్ప నక్కరలేదు. మఠద్వారములు మూసికొనిపోయిన ఆ యిరువురకును 1858 జూలై 13వ తేదీన వివాహమయ్యెను.

వారి దినచర్యలో అద్భుతము లేవియు లేవు. తెల్లవారుజామున దివ్యబలిపూజకు పోవుట, పిమ్మట పని, పిల్లలు, బీదల సేవ. ఆదివారమున అంగడి తెరచిన లాభము కలుగునని యితరులు చెప్పినను లూయీ తెరవడాయెను. జేలీ పనికత్తెలకు కూలి సరిగా ముట్టచెప్పి, వారికి జబ్బుచేసిన తానే పోయి చూచెడిది. ఓర్పనగా అన్యాయమును చూచి యూరకుండుట యని యామె తలపలేదు. మఠకన్యల వేషము వేసికొని యొక బాలికను బాధించుచున్న స్త్రీలను గూర్చి యామె అధికారుల యొద్దకు పోయి, ఆ పిల్లను విడిపించుటకు పాటుపడెను.

ఆ దంపతులకు తొమ్మండుగురు సంతానము. వారిలో నలుగురు పసితనముననే గతించిరి. బిడ్డను పాతిపెట్టివచ్చిన తల్లి మరునాడు మరల సూది పట్టుట యెట్టిదో ఊహింపుడు. తరువాత జేలీకి రొమ్మున వ్రణము పుట్టెను. 1877 జూన్ నెలలో కుమార్తెలను వెంటబెట్టుకొని లూర్దుమాత క్షేత్రమునకు పోయెను. విజయవాడ గుణదల కొండమీద మనవారు సేవించునది ఆ లూర్దుమాతనే. జేలీకి స్వస్థత కలుగలేదు. ఇంటికి వచ్చి, శక్తి యున్నంతవరకు తన పని చేసికొనుచు, ఆ యేటి ఆగస్టు 28వ తేదీన కన్నుమూసెను. అప్పుడామెకు 45 ఏండ్లు. కడగొట్టు బిడ్డకు నాలుగేండ్లు.

ఇక్కడ కొంచెము నిలిచి యాలోచింపవలెను. కోరిన వర మీయని దేవుని కొలుచుట యెందుకని మన మనసు ప్రశ్నించును. మ్రొక్కు తీర్చి ఫలము పుచ్చుకొనుట యొక విధమైన వర్తకము. జేలీ చేసినది వర్తకమే యైయున్నచో లూర్దునుండి రిక్తహస్తములతో వచ్చినప్పుడు ఆ భక్తి ముగియవలసినది. ముగియలేదు. ఆమె వ్రాసిన జాబులు రెండువందలకు పైగా మిగిలియున్నవి. పిల్లల దగ్గు, లేసు బేరములు, చావు, దేవుడు అన్నియు వానియందు కలసియే యుండును. ఆమెకు ఇల్లొకటి, భక్తి యొకటి యని రెండు లేవు.

ఆ కడగొట్టు బిడ్డయే మన తెలుగు కతోలికులు చిన్న తెరేజమ్మ యని పిలుచుకొను పునీతురాలు. 1873లో పుట్టి, 15 ఏండ్ల వయస్సున లిసియూ పట్టణమందలి కార్మెలు మఠమున చేరి, 24 ఏండ్లకే 1897 సెప్టెంబరు 30వ తేదీన క్షయవ్యాధితో మరణించెను. ఆమె దేశములు తిరుగలేదు, సభలలో ప్రసంగింపలేదు. 1925లో శ్రీసభ యామెను పునీతురాలిగా ప్రకటించెను. 1997లో శ్రీసభకు ఆచార్యురాలను బిరుదము నిచ్చెను. మహాపండితుల కిచ్చు ఆ బిరుద మామె యే పాండిత్యమునకు వచ్చినది?

ఆమె తన యాత్మకథలో చెప్పిన సంగతులు వినుడు. బట్టలు ఉతుకు చోట ఎదుటి సోదరి ఝాడించినప్పుడెల్ల మురికినీళ్లు తెరేజమ్మ ముఖముపై పడుచుండెడివి. ఆమె వెనుకకు తొలగక, ముఖము చిట్లింపక, ఆ నీళ్లను సహించెను. ధ్యానసమయమున వెనుక కూర్చున్న యొకతె యేదియో చప్పుడు చేయుచుండెడిది. తిరిగి చూచిన ఆమె సిగ్గుపడునని తెరేజమ్మ చూడక, ఆ చప్పుడునే సంగీతముగా భావించి దేవునికి సమర్పించుటకు యత్నించెను. మరియొక సోదరి యన్న నీమెకు సహజముగా గిట్టదు. కాని ఆమె యెదురైనప్పుడెల్ల చిరునవ్వుతో పలుకరించెను. నాయందు నీకింత ఇష్టమెందు కని తుదకు ఆ సోదరియే యడిగెనట!

ఇవి మిక్కిలి చిన్నపనులని మీకు తోచవచ్చును. మన యిండ్లను చూచుకొందము. అత్తాకోడండ్ర నడుమ, అన్నదమ్ముల నడుమ, పొలము హద్దున పుట్టు తగవులకు మూలము లెంతటివి? ఒక చెంబు, ఒక మాట, ఒక చూపు. చిన్నవాటితో మనసులు విరుగుచున్నప్పుడు చిన్నవాటితోనే యవి యతుకవలెను. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్న సామెత భక్తికిని వర్తించును. దూరమున నున్న లోకమునంతయు ప్రేమింతు ననుట తేలిక. ప్రక్కమంచముపై రాత్రియంతయు దగ్గుచున్న వానిని ప్రేమించుట కష్టము.

పెద్దలగు మీకు ప్రత్యేకముగా చెప్పవలసిన మాట యొకటి కలదు. చేతులాడుచున్నంతవరకు పనియే భక్తి యనవచ్చును. ఆడనినాడు? ఆ మఠమున నడుము పట్టుకొనిపోయిన యొక వృద్ధసోదరి యుండెను. ఎవరు పట్టుకొని నడపించినను ఆమెకు తప్పే కనబడెడిది. వేగమని, మందమని విసుగుకొనెడిది. తెరేజమ్మ కోరి యా పని తీసికొని, ప్రతి సాయంకాలమును ఆమెను భోజనశాలకు నడపించి, వణకు చేతులతో రొట్టె కోసికొనలేకున్న దానిని గమనించి తానే కోసి పెట్టి, చిరునవ్వు నవ్వి వెడలెడిది. సేవచేయుటలో నెదుగుదల కలదని యిది చూపును.

సేవ పుచ్చుకొనుటలోను ఎదుగుదల కలదని ఆమె తండ్రి చరిత్రము చూపుచున్నది. వార్ధక్యమున లూయీకి మతి చలించెను. 1889 మొదలు మూడేండ్లు కాఁ పట్టణమున మానసికరోగుల యాసుపత్రిలో నుండెను. ఇంటికి వచ్చినపిమ్మట కాళ్లాడవు, మాట సరిగా రాదు. 1892లో నొకసారి కుమార్తెలను చూడ మఠమునకు కొనిపోగా, వీడ్కొనునప్పుడు పైకి చూపి, పరలోకమున కలిసికొందమని తెలిపెను. కుమార్తె సెలీను 1894లో నతడు మరణించువరకు ప్రక్కనుండి చూచుకొనెను. కుటుంబమును పోషించిన చేయి పరులచేతి ముద్దకు ఎదురుచూచుట యెంత కఠినమైన పాఠమో వృద్ధులకు తెలియును. దానిని విసుగులేక నేర్చుట కూడ సాధనయే.

తుదిదినములలో తెరేజమ్మకు విశ్వాసమే మసకబారినట్లయ్యెను. 1896 ఈస్టరు పండుగ మొదలుకొని పరలోకమను మాటకు ఎదురుగా గోడ లేచినట్లు తోచుచుండెనని యామెయే వ్రాసెను. అయినను తన పని, తన జపము, తన చిరునవ్వు మానలేదు. మనస్సున వెలుగున్నప్పుడు చేసినదానికంటె వెలుగు లేనప్పుడు చేసినదే గొప్పదని నా యభిప్రాయము.

లూయీ, జేలీ దంపతులను 2015 అక్టోబరు 18వ తేదీన పోపు ఫ్రాన్సిసుగారు కలిపి పునీతులుగా ప్రకటించిరి. భార్యాభర్తల నిరువురను జంటగా అట్లు ప్రకటించుట అదియే ప్రథమము. పవిత్రత సర్వజనులకును చెందిన పిలుపని రెండవ వాటికను మహాసభ 1964లోనే విశదముగా చెప్పియుండెను. 2025లో దివంగతులైన ఆ పోపుగారు 2018లో వ్రాసిన లేఖయం దొక చక్కని యుదాహరణ మిచ్చిరి. ఒక యిల్లాలు బజారునకు పోవును. పొరుగామె తటస్థపడి యెవరినో గూర్చి చెడు చెప్ప మొదలుపెట్టును. ఈమె ఆ మాటలలో పాలుపంచుకొనదు. అలసి యింటికి రాగా బిడ్డ తన ముచ్చట చెప్పబోవును, కూర్చుండి వినును. పవిత్రత ఇట్టి మెట్లమీదుగా నెక్కునని ఆ లేఖ తాత్పర్యము.

కావున ఆర్యులారా, తీరిక కొఱకు కాచుకొన నక్కరలేదు. నేడు ప్రొద్దుగ్రుంకులోపల మీ యింటనే యెవరో యొకరు మీ యోర్పును పరీక్షింతురు. చెప్పినమాటే మరల చెప్పు ముసలితల్లి కావచ్చును, చెప్పినది వినని మనుమడు కావచ్చును. ఆ క్షణమున ఒక మృదువైన మాట పలుకుడు. రాత్రి దీపమార్పునప్పుడు, నేడు నావలన నెవరికైన మనసు చల్లబడినదా యని మీలో మీరే ప్రశ్నించుకొనుడు. మతము లెన్ని యున్నను ఆ ప్రశ్న అందరికిని ఒక్కటే.