దిబ్బల దగ్గర సైకిల్ దిగుదాం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఇంజనీరువి కదా, పిల్లలకు పనికొచ్చేది ఓ పది నిమిషాలు మాట్లాడు" అన్నారు. నాకు బాగా తెలిసినవి రెండే. ఒకటి రోడ్లు, వాటి పక్కన వాననీరు పోయే దారులు. ముప్పై ఏళ్లుగా అదే నా ఉద్యోగం. రెండోది సైకిల్. కొన్నేళ్లుగా సెలవు దొరికితే చాలు, ఊరికొచ్చి భీమిలి చుట్టుపక్కల తిరుగుతున్నాను. రేపు పొద్దున మనవాళ్లు పెట్టిన సైకిల్ యాత్ర పటం నిన్న చేతికిచ్చారు. చాలా బాగుంది. అందులో ఒక గీత మాత్రం బీచ్ రోడ్డు దాటి ఎర్రమట్టి దిబ్బల లోపలికి వెళ్తోంది. ఆ గీత తీసేద్దామని అడగడానికే ఈ పది నిమిషాలు ఒప్పుకున్నాను.

ముందు ఊళ్లోంచి బయల్దేరదాం. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు మనది. మా చిన్నప్పుడు గంటకు అర్ధ రూపాయి అద్దె. సీటు అందదు కాబట్టి అడ్డతొక్కుడు. ఆ గంటలో ఎంత ఎక్కువ దూరం పోతే అంత గొప్ప. ఇప్పుడు సైకిల్ నాదే, తొందర లేదు. డచ్చివారి సమాధుల దగ్గర ఆగి, రాళ్ల మీద చెక్కిన పేర్లు కూడబలుక్కోవడానికే అరగంట పడుతుంది. 1825లో ఊరు ఇంగ్లీషువారి చేతికి పోకముందు ఇక్కడ వాళ్లు వర్తకం చేశారు. గడియార స్తంభం, లైట్‌హౌస్ చూసుకుంటూ గోస్తనీ సముద్రంలో కలిసే చోటికి వెళ్తే, బొర్రా గుహల వైపు కొండల్లో పుట్టిన నీళ్లు మన వలల పక్కకు వచ్చి ఆగినట్టుంటాయి. నదికి ఎగువకు చిట్టివలస దాకా వెళ్లొచ్చు. మూతపడ్డ జూట్ మిల్లు దగ్గర నేనైతే ఎక్కువసేపు ఆగను. మా క్లాసులో సగంమంది ఇళ్లల్లో ఆ మిల్లు జీతమే ఉండేది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పావురాళ్లకొండ. సైకిల్‌కి కింద తాళం వేసి నడిచి ఎక్కుతాను. నరసింహస్వామి దర్శనం చేసుకుని ఇంకా పైకి వెళ్తే, బౌద్ధ భిక్షువుల కాలంలో బండను తొలిచి చేసిన తొట్లు కనిపిస్తాయి. వాన పడితే ఆ నీరు అందులోకి చేరుతుంది. కొండ మీద బావి తవ్వే వీలులేదు, కింద నుంచి మోయడం కష్టం. అందుకని ఆకాశం ఇచ్చినదాన్ని అక్కడే ఆపుకున్నారు. విశాఖ వైపున్న తొట్లకొండకు ఆ పేరు ఇలాంటి తొట్ల వల్లే వచ్చింది, బావికొండకు బావుల వల్ల. తొట్లకొండ మీది శిథిలాలు 1976లో నౌకాదళం వారు విమానంలోంచి సర్వే చేస్తుంటే బయటపడ్డాయి. రెండు వేల ఏళ్ల కిందట ఇక్కడ బతికినవాళ్లు ఏ నేల నీటిని పడుతుంది, ఏ నేల పట్టదు అన్నది చూసి మరీ కట్టుకున్నారు. మా శాఖలో కొందరు కుర్రాళ్లకు ఈ కొండలు చూపించాలని నా కోరిక.

బీచ్ రోడ్డు గురించి ఒక్క మాట. వేసవిలో గాలి నైరుతి నుంచి తీరం వెంబడే వీస్తుంది. విశాఖ నుంచి భీమిలికి వస్తుంటే ఎవరో వెనకనుంచి తోస్తున్నట్టే ఉంటుంది. తిరిగి వెళ్లేటప్పుడు ఆ బాకీ వడ్డీతో సహా కట్టాలి. ఈ చలికాలంలో ఆ బాధ అంతగా ఉండదు, భయపడకండి.

ఇక దిబ్బల సంగతి. అది రాయి కాదు, గట్టిపడని ఇసుక. రేణువు చుట్టూ ఇనుము తుప్పు పొరలా పట్టి ఎర్రగా కనిపిస్తుంది. వేల ఏళ్ల కిందట సముద్రం ఇప్పటికన్నా చాలా వెనక్కి ఉన్న కాలంలో, బయటపడ్డ ఇసుకను గాలి ఎత్తి తెచ్చి పోసిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. ఇలాంటివి మన దేశంలో తమిళనాడులోను, బయట శ్రీలంకలోను ఉన్నాయి. 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది.

కొత్త రోడ్డుకు మట్టిగట్టు వేశాక మొదటి వానకు దాని పక్కలు చారలు చారలుగా కోసుకుపోతాయి. రెయిన్ కట్స్ అంటాం. మొదట వేలు పట్టేంత గీత. నీళ్లకు ఒకసారి దారి దొరికిందంటే మళ్లీ ఆ దారినే వస్తాయి, ఇంకొంచెం తవ్వుకుని పోతాయి. గట్టు అయితే గడ్డి వేస్తాం, కాంక్రీటు తూము పెడతాం. దిబ్బ మీద ఏం పెడతాం? సైకిల్ టైరు వాలు వెంబడి దిగితే నీటికి మనమే గీత గీసి ఇచ్చినట్టు. కిందటేడు ఆషాఢంలో జీడిమామిడి చెట్ల పక్కన ఒక టైరు జాడ చూశాను. దీపావళికి వెళ్తే అందులో నా చెయ్యి మోచేతిదాకా పట్టింది.

మా బ్యాచ్ మిత్రుడొకడు నిన్న రాత్రి అడిగాడు: "ఒరేయ్, వాన ఎలాగూ కోస్తూనే ఉంది, ఆ లోయలన్నీ వాన చేసినవే కదా, నీ సైకిల్ ఎంత?" లోయలు వాన చేసినవే, నిజం. వాటికి వేల ఏళ్లు పట్టింది. మన జాడ ఒక్క వానాకాలంలో ఆ పని మొదలుపెడుతుంది. పైగా జాడ ఉన్నచోటికే ఇంకో జాడ వస్తుంది. ముందు సైకిల్, ఆ వెనక మోటార్ సైకిల్, ఆ వెనక జీపు. ఫొటోలు తీయించుకోవడానికి వచ్చే బళ్లు మీరూ చూస్తూనే ఉన్నారు. వాళ్లను ఆపాలంటే మన సైకిళ్లు ముందు బయట ఉండాలి.

వాడే ఇంకో మాట కూడా అన్నాడు. చూపించకపోతే పిల్లలకు వాటి మీద ప్రేమ ఎలా పుడుతుందని. ఇది సరైన ప్రశ్న. చూపిద్దాం. రోడ్డు పక్కన సైకిళ్లు ఆపి, జనం నడిచి నడిచి గట్టిపడిన కాలిబాటనే లోపలికి తీసుకెళ్దాం. అంచుల మీదకు ఎక్కనివ్వకుండా, ప్రతి పదిమందికీ ఒక పెద్దవాళ్లు తోడుండాలి. సైన్సు మేడంగారు వస్తానన్నారు, సంతోషం. నడిస్తే ఇంకో గంట ఎక్కువ పడుతుంది, కాబట్టి తొట్లకొండకు చేరేసరికి ఎండెక్కుతుంది. అందుకని ఆరింటికి అనుకున్నది ఐదున్నరకే బయల్దేరదామని కార్యదర్శిగారికి నా మనవి.

పిల్లలూ, రాత్రికే గాలి చూసుకోండి. సీటు మీద కూర్చుంటే మునివేళ్లు నేలకు ఆనాలి, ఆనకపోతే నా దగ్గరకు రండి, స్పానర్ తెచ్చాను. పంపు కూడా ఉంది. దిబ్బల దగ్గర సైకిళ్ల కాపలా ఎవరన్న బెంగ వద్దు, నేను కూర్చుంటాను. వచ్చేటప్పుడు ఎవరైనా నాలుగు తేగలు తెచ్చిపెడితే చాలు.