అతుకే అసలు విద్య



ఈ సాయంకాలము నేను మీకు చెప్పబూనినది ఒక ఆటను గూర్చి. ఆట యనగానే పిల్లల వ్యవహారమని తువ్వాలు దులుపుకొని లేచిపోవలదు. నేను ముప్పదియేండ్లు బడిపిల్లలకు వ్యాయామము నేర్పిన వాడను. ఆ ముప్పదియేండ్లలో నేను చేసిన పెద్ద తప్పొకటి కలదు. అది చెప్పుకొనుటకే యీ ప్రసంగము.

మొన్న మా మనుమడు తన చేతిఫోనులో నొక దృశ్యము చూపెను. మంచుకొండ వాలున ఒక యువకుడు కాళ్లకు పొడుగైన పలకలు తగిలించుకొని జారి వచ్చుచుండెను. దారిలో సన్నని ఇనుపకమ్మి యొకటి నిలిపియున్నది. అతడు దానిని సమీపించి, ఎగిరి, గాలిలో ముప్పాతిక చుట్టు తిరిగి, కమ్మిమీద అడ్డముగా వ్రాలెను. దానిమీద జారుచునే మరల ఎగిరి, మొగము రెండవ వైపునకు త్రిప్పెను. కమ్మి ముగియగానే ఇంకొక ముప్పాతిక చుట్టు తిరిగి మంచుపై దిగెను. అంతయు నాలుగు లిప్తలలో ముగిసినది. దీనిని స్కీయింగ్ అందురట. అందులో ఈ కమ్మి విద్యలును, పెద్ద గంతులును కలిసిన పోటీకి స్లోప్‌స్టైల్ అని పేరు. 2014వ సంవత్సరమున రష్యాదేశమందలి సోచీ నగరమున జరిగిన శీతకాలపు ఒలింపిక్ క్రీడలలో ఈ పోటీకి తొలిసారి స్థానము దొరకినది. ఆ యేట పురుషుల మూడు పతకములును అమెరికావారికే దక్కినవి. 2022లో చైనాలో జరిగిన క్రీడలలో పోటీదారులు మొదట మూడు చోట్ల కమ్మిమీద తమ నేర్పు చూపి, పిమ్మట మూడు గంతులు వేయవలసి వచ్చెను.

మనుమడు, "తాతా, ఇట్టిది నీవెన్నడైన చూచితివా?" అని యడిగెను. "చూచితిని నాయనా, తిరుపతి గంగజాతరలో చూచితిని" అంటిని. వాడు నవ్వెను. మన చిత్తూరు సీమలో మంచు కురియదు. కొండలున్నను వాటిపై జారు పలకలు లేవు. అయినను సన్నని ఆధారముపై నిలిచి, ఒక విద్యకు మరియొక విద్యను జతపరచుట మన దేశమునకు క్రొత్త కాదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రములోని పర్వత ప్రకరణమున శ్రీశైల యాత్రను వర్ణించుచు, గడలపై నాడువారిని ఆకసమున నాడు దేవకాంతలతో పోల్చినాడు. దొమ్మరుల విద్య మనలో నంత పాతది.

1982వ సంవత్సరమున, తాతయ్యగుంట గంగమ్మ జాతర దినములలో, తిరుపతి వీథిలో నేను చూచిన ఆట యిది. కత్తెరవలె కట్టిన రెండు జతల వెదుళ్లపై మోకు బిగించిరి. పదేండ్ల బాలిక చేత పొడుగుపాటి గడ పట్టుకొని దానిపై నడచెను. తరువాత నెత్తిపై చెంబులు పెట్టుకొని నడచెను. ఆ తరువాత కాలిక్రింద నొక కంచుపళ్లెము నుంచుకొని, దానిని మోకుపై జార్చుచు, చెంబులు కదలకుండ అద్దరి చేరెను. క్రింద ఆమె తాత డోలు వాయించుచుండెను. ఆయన కన్నులు బిడ్డ పాదములను విడువలేదు. ఆమె తడబడబోయినప్పుడెల్ల డోలు దెబ్బ నెమ్మదించెను.

ఆ మాసమున నా మనస్సు సరిగా లేదు. బడి వార్షికోత్సవమునకై ఒక పిల్లవానికి రెండు విద్యలు నేర్పియుంటిని. ఒకటి, ఎత్తైన దూలముపై నడచుట. రెండవది, పిల్లిమొగ్గ వేయుట. రెండును వానికి చక్కగా వచ్చినవి. ఉత్సవము ముందునాడు, "రెండును కలిపి చేయుము, దూలము చివరకు నడచి, అక్కడనుండి మొగ్గ వేసి దిగుము" అని ఆజ్ఞాపించితిని. వచ్చిన విద్యలే గదా యని నా ధైర్యము. పిల్లవాడు పడెను, కుడి మణికట్టు విరిగెను.

ఆట ముగిసినపిదప ఆ డోలు తాతకడ కూర్చుండి యీ సంగతి చెప్పితిని. ఆయన కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, "అయ్యవారూ, మీరు రెండు విద్యలు నేర్పినారు. మూడోది నేర్పలేదు" అనెను. "మూడవది యేది?" అంటిని. "అతుకు" అనెను.

ఆయన క్రమము వినుడు. మొదట నేలపై గీచిన గీతమీద నడక. అది కుదిరిన తరువాత జానెడెత్తున కట్టిన తాడు. తరువాత మూరెడు, ఆ తరువాత నిలువెత్తు. నెత్తిన చెంబు మోయుట వేరుగా, నేలమీదనే. నిలువెత్తు తాడుపై నడచు బిడ్డ నెత్తికి చెంబెక్కిన నాడు మాత్రము తాడు మరల జానెడెత్తునకు దిగవలెను. "రెండు కలిపిననాడు తాడు దించాల. అది సిగ్గు కాదు" అని ఆయన మాట. నేను దూలమును దింపలేదు. తప్పు అక్కడ జరిగినది.

దీనికి కారణము యోచింపుడు. నేలపై మొగ్గ వేయువాడు స్థిరముగా నిలిచి, కాళ్లు రెండును నొక్కి, లేచును. దూలముపై నడచి వచ్చినవాని బరువు ముందరి కాలిపై నుండును, చూపు దూలము చివర నుండును, ఊపిరి బిగియుండును. అనగా మొదటి విద్య ముగిసిన భంగిమము రెండవ విద్య మొదలుకావలసిన భంగిమము కాదు. ఆ నడుమనున్న అరలిప్తయే వేరొక విద్య. దానిని వేరుగా సాధింపక తప్పదు.

మంచుపై జారువారును ఇదియే చేయుదురట. తొలుత సన్నని కమ్మి జోలికి పోరు. నేలకు తక్కువ ఎత్తున నున్న వెడల్పైన పెట్టెమీద తిన్నగా జారుదురు. మోకాళ్లు వంచి, బరువు పాదముల నడుమ నుంచి, చూపును కాళ్లపై గాక కొసపై నిలుపుదురు. పిమ్మట తిరుగుచు ఎక్కుట యొకటిగా, తిరుగుచు దిగుట యొకటిగా అభ్యసింతురు. రెండును వచ్చిన తరువాత వాటిని కలుపుటకు మరల ఆ తక్కువ పెట్టెయొద్దకే వత్తురు. మంచులేని నెలలలో ప్లాస్టిక్ చాపలు పరచిన వాలుపై సాధన చేయుదురు. తలకు టోపీకవచము లేనిదే పోటీలో దిగనీయరు.

ఇది మన సేద్యములోనిదే కాదా? కోడెదూడను తిన్నగా నాగటికి కట్టుదుమా? పనినేర్చిన ఎద్దు ప్రక్కన వట్టి కాడికి కట్టి త్రిప్పుదుము. తరువాత మొద్దు లాగింతుము. ఆ పిమ్మట గదా మడక! పశువుపట్ల మనకున్న యీ యోర్పు బిడ్డపట్ల లేకపోవుట వింత.

ఇంకొక మాట చెప్పి ముగింతును. ఆ బాలిక ఆడినది పోటీకి కాదు, కూటికి. కూటికొఱకు కోటివిద్యలని మనము సులభముగా అనుచుందుము. ఆ దినము ఆమె బడికి పోలేదని నాకు తోచనేలేదు. 2009లో ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు గల బిడ్డలకు చదువు హక్కుగా చట్టమైనది. 2011లో సుప్రీముకోర్టువారు సర్కసులలో పిల్లలను నియోగింపరాదని ఉత్తరువిచ్చిరి. ఇవి న్యాయమైనవి. బిడ్డ మోకుపై నుండి దిగవలసినదే. కాని ఆ విద్యయు ఆమెతో దిగి మన్ను గలియవలెనా? కఱ్ఱస్తంభముపై చేయు మల్లఖంబ విద్య 2022లో పంచకులలో జరిగిన ఖేలో ఇండియా యువజన క్రీడలలో పోటీగా చేరినది. ఒక స్తంభమునకు దొరకిన మర్యాద మన గడకును మోకునకును దొరకరాదా?

పెద్దలారా, మీరు చేయగలిగినది స్వల్పమే. మీయూరి బడిలో జానెడెత్తున ఒక దూలము వేయింపుడు. దాని క్రింద మెత్తని యిసుక పోయింపుడు. మీ ప్రాంతమున ఆ విద్య తెలిసిన వృద్ధుడుండిన, వారమున కొకదినము పిలిపించి, చాపవేసి కూర్చుండబెట్టి, గౌరవముగా ముట్టజెప్పి, పిల్లలందఱికి నేర్పింపుడు. ఆ కులము పేరును తిట్టుగా వాడు అలవాటు మన నోటినుండి తొలగిపోవలెను. ఆ పేరుగలవాడే నాకు గురువైనాడు.

మణికట్టు విరిగిన పిల్లవాడు ఇప్పుడు మామిడితోట చేయుచున్నాడు. ఏటేట తొలికాపు పండ్లు తెచ్చి యిచ్చును. గంపను ఎడమచేతితోనే దింపును. నేను చూచినట్లు అతనికి తెలియనీయను.

సెలవు.