చెక్క డిజైన్లకి ఏ సాఫ్ట్‌వేర్? డబ్బులు కట్టే ముందు సున్నా సంగతి చూడండి

ఈ వారం ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. వాళ్ల నాన్న వడ్రంగి. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు పూజగది తలుపులకి సీఎన్‌సీ జాలీ అడుగుతున్నారట. చెక్క వీళ్లది, బిగించే పని వీళ్లది, డిజైన్ ఫైలు మాత్రం టౌన్‌లో షాపు వాళ్లది. ప్రతి తలుపుకీ ఫైలుకని విడిగా డబ్బులు. తనే నేర్చుకుందామని సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాడు. "అన్నా, కోరల్‌డ్రా కొనాలా, ఇల్లస్ట్రేటర్‌కి నెలనెలా కట్టాలా, లేకపోతే క్రాక్ వేసుకోనా?" అని అడిగాడు.

మూడూ వద్దు తమ్ముడూ, ఇంక్‌స్కేప్ వేసుకో. 2003 నుంచి ఉన్న ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, పూర్తిగా ఫ్రీ. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. ఫోన్‌కి మాత్రం అఫీషియల్ యాప్ లేదు. ఫోన్ పని వేరే ఉంది, చెప్తాను.

ఫ్రీ అని మాత్రమే చెప్పట్లేదు. కోసే మిషన్‌కి రంగులు, నీడలు, గ్రేడియంట్లు ఏం చేసుకోవాలి? దానికి కావాల్సింది మూసుకున్న గీత, కరెక్ట్ కొలతలో. అంతే. ఖరీదైన వాటిలో మనం డబ్బు కట్టేది చాలావరకు ప్రింటింగ్, పోస్టర్ల వాళ్లకి పనికొచ్చే వాటికి. చెక్క మీద పని చెడేది సాఫ్ట్‌వేర్ వల్ల కాదు, గీత వల్ల. ఇది నాకు ఎలా తెలిసిందంటే...

మా ఇంటికి "పద్మ నిలయం" అని నేమ్ ప్లేట్ చేద్దామనుకున్నా. అక్షరాలు విడివిడిగా కోసి గోడకి అంటించాలని ప్లాన్. బీటెక్ చదివాం కదా, ఇదెంత పని అని తెలుగు ఫాంట్‌లో టైప్ చేసి ఫైలు ఇచ్చేశాను. ఐదక్షరాలు ఇస్తే కవర్లో ఎనిమిది ముక్కలు వచ్చాయి! నేను వాడిన ఫాంట్‌లో "ప" మీద తలకట్టు ఒంటికి అంటుకుని ఉండదు, అదో ముక్క. "ద్మ"లో మ వత్తు ఇంకో ముక్క. చివర సున్నా ఒక రింగు. అమ్మ వాటిని పేపర్ మీద పరిచి, "ఇదేంట్రా, పజిల్ తెచ్చావా?" అంది.

పోనీ పలకలో అక్షరాల ఆకారంలో కంత పడేలా కోద్దామంటే ఇంకో తంటా. సున్నా మధ్యలో ఉన్న చెక్క నిలవదు, ఊడి కింద పడుతుంది. ఇంగ్లిష్ వీడియోలు చూసి నేర్చుకుంటే ఈ తలకట్టు బాధ ఎవడూ చెప్పడు!

దీనికి మందు ఇంక్‌స్కేప్‌లోనే ఉంది. యూనికోడ్ ఫాంట్‌తో టైప్ చేస్తే వత్తులు సరిగ్గానే వస్తాయి. తర్వాత పాత్ మెనూలో "ఆబ్జెక్ట్ టు పాత్" నొక్కితే అక్షరం ఉత్త గీతగా మారుతుంది. అప్పుడు షాపు కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోయినా అక్షరాలు చెదరవు. అలా మార్చాక మళ్లీ టైప్ చేసి దిద్దలేం కాబట్టి ముందే ఒక కాపీ దాచుకోండి. విడిపోయే ముక్కల కింద సన్నని పట్టీ గీసి, "యూనియన్" చేస్తే అంతా ఒకే ముక్క అవుతుంది. కంత డిజైన్ అయితే సున్నా లోపలి నుంచి బయటికి రెండు చిన్న వంతెనలు వదలాలి.

రెండో దెబ్బ కొలత. ఫ్రెండ్ ఒకడు ఇల్లస్ట్రేటర్‌లో 600 మిల్లీమీటర్ల జాలీ గీసి ఎస్‌వీజీ ఫైలు పంపాడు. ఇంక్‌స్కేప్‌లో తెరిస్తే 450 అయి కూర్చుంది. ఎందుకంటే అక్కడ అంగుళానికి 72 పిక్సెల్స్ లెక్క, ఇక్కడ 96. సరిగ్గా ముప్పావు వంతు. నేను చూసుకోకుండా కోయించి ఉంటే ఆ షీటు స్క్రాపే. అప్పటినుంచి ప్రతి ఫైల్లో ఒక మూల 100 మిల్లీమీటర్ల చతురస్రం గీసి పెడుతున్నా. షాపులో ముందు దాన్ని కొలుస్తాం, తర్వాత దాన్ని తీసేసి కోస్తాం. ప్రింట్ తీసి, చెక్కకి అంటించి, చేతి రంపంతో కోసేవాళ్లకీ ఇదే. ప్రింటర్‌లో "ఫిట్ టు పేజ్" కాదు, "యాక్చువల్ సైజ్".

ఇంకోటి, రౌటర్ బిట్ గుండ్రం. 6 మిల్లీమీటర్ల బిట్ అయితే లోపలి మూల 3 మిల్లీమీటర్ల వంపుతోనే వస్తుంది, 6 కన్నా సన్నని సందులోకి అసలు దూరదు. స్క్రీన్ మీద ఎంత షార్ప్‌గా ఉన్నా అంతే.

ఇప్పుడు ఫోన్ పని. అమ్మమ్మ వేసిన ముగ్గుని జాలీ చేయాలనుకోండి. పక్కన స్కేలు పెట్టి, నిటారుగా పైనుంచి ఫొటో తీయండి. ఇంక్‌స్కేప్‌లో "ట్రేస్ బిట్‌మ్యాప్" ఉంది. మామూలుగా ట్రేస్ చేస్తే ముగ్గు గీతకి రెండు అంచులూ వస్తాయి. జాలీలో ఆ గీతే చెక్కగా మిగలాలి కాబట్టి అదే కావాలి. ముగ్గుని పలక మీద గాడిలా చెక్కాలంటే మాత్రం సెంటర్‌లైన్ ఆప్షన్ పెట్టండి, ఒక్క గీతే వస్తుంది. తర్వాత కంట్రోల్, ఎల్ నొక్కి నోడ్స్ తగ్గించండి. అవి మరీ ఎక్కువైతే మిషన్ ఆగి ఆగి నడుస్తుంది.

ఇంక్‌స్కేప్ చూడటానికి బాగోలేదు అనేవాళ్లకి అఫినిటీ ఉంది. 2024లో కాన్వా దాన్ని కొనేసింది, 2025లో ఫ్రీ చేసింది. కాన్వా అకౌంట్ ఉండాలి. నీట్‌గా ఉంటుంది, నాకు ఇష్టమే. కానీ పాత ల్యాప్‌టాప్ అన్నావు కాబట్టి నా ఓటు ఇంక్‌స్కేప్‌కే.

ఒక్క విషయం దాచకుండా చెప్పాలి. తలుపు మీద ఉబ్బెత్తుగా లక్ష్మీదేవి, ఏనుగులు కావాలంటే ఈ రెండూ చేయలేవు. అది త్రీడీ రిలీఫ్, దాని సాఫ్ట్‌వేర్ వేరు. ఆర్ట్‌క్యామ్ అమ్మకాన్ని ఆటోడెస్క్ 2018లోనే ఆపేసింది. ప్రస్తుతానికి ఆ పని షాపుకే వదిలెయ్. క్రాక్ జోలికి మాత్రం పోకు. "యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చెయ్" అని రాసి ఉంటుంది చూడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినవాడిగా చెప్తున్నా, నీ యూపీఐ, నాన్న బ్యాంక్ లాగిన్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఆ పని చెయ్యకు.

ముందు షాపుకెళ్లి ఏ ఫార్మాట్ తీసుకుంటారో అడుగు. డీఎక్స్‌ఎఫ్ అంటే ఇంక్‌స్కేప్‌లో "సేవ్ యాజ్"లో ఆర్14 అని ఉంటుంది, అది ఇవ్వు. మొదటిసారే తలుపు మీదకి వెళ్లకుండా, ఒక అడుగు జాలీ గీసి మిగిలిపోయిన ఎండీఎఫ్ ముక్క మీద కోయించు. ఫొటో పంపు, వచ్చే ఎపిసోడ్‌లో చూపిద్దాం. సున్నా ఊడిపోతే ఆ ఫొటో కూడా పంపు!