తూకం కోసం పస్తులా?



మన పల్లెల్లో ఆడపిల్లలు బాగా ఆడుతున్నారు. కబడ్డీ ఆడుతున్నారు. కుస్తీ పడుతున్నారు. బరువులు ఎత్తుతున్నారు. చూస్తే ఎంతో సంతోషం. అయితే ఈ ఆటల్లో ఒక చిక్కు ఉంది. ఆటకు ముందు పిల్లను తూకం వేస్తారు. ఇన్ని కిలోలు దాటకూడదని లెక్క.

చంద్రగిరి పక్క పల్లెలో ఒక పిల్ల ఉందనుకుందాం. ఎల్లుండి తూకం. పిల్ల రెండు కిలోలు ఎక్కువుంది. కూడు మానేస్తుంది. నీళ్లూ మానేస్తుంది. ఎండలో పరుగెత్తి చెమట కారుస్తుంది.

"కూడు తినకుంటే ఎట్లా ఆడతావు అమ్మీ?" అని తల్లి అడుగుతుంది.

"గమ్మునుండు మా, తూకం అయిపోనీ" అంటుంది పిల్ల.

తూకం అయిపోతుంది. ఆట అయిపోతుంది. ఇక ఆకలి మీద ఎడాపెడా తింటుంది. వారం తిరిగేసరికి బరువు మళ్లీ వస్తుంది. ఇంకో పోటీకి మళ్లీ పస్తు.

పెద్ద ఆటల్లోనూ ఈ తిప్పలే. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ జరిగాయి. హర్యానా అమ్మాయి వినేశ్ ఫోగట్ కుస్తీలో ఫైనల్ దాకా పోయింది. ఆమెది 50 కిలోల తరగతి. బరువు తగ్గాలని ముందు రాత్రి నిద్ర మాని పరుగెత్తింది. జుట్టు కూడా కత్తిరించారు. తెల్లారి తూకంలో 100 గ్రాములు ఎక్కువ వచ్చింది. రెండు గుప్పిళ్ల శెనక్కాయ గింజలంత! పోటీ నుంచి తీసేశారు.

ఇట్లా పదేపదే చేస్తే ఒంట్లో ఏమవుతుంది? ముందు నీళ్లు పోతాయి. పస్తు సాగితే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. మళ్లీ తింటే కొవ్వు త్వరగా చేరుతుంది. కండ అంత త్వరగా రాదు.

మనం తిన్న సంగటి, అన్నం ఒంట్లో చక్కెరగా మారతాయి. ఆ చక్కెర ఎక్కువగా పోయేది కండలోకే. కండ గరిసె లాంటిది. గరిసె చిన్నదైతే వడ్లు వాకిట్లో మిగిలిపోతాయి. అట్లే చక్కెర నెత్తురులో మిగులుతుంది. గరిసె తలుపు తెరిచే తాళంచెవి ఇన్సులిన్. అది మన ఒంట్లోనే ఊరే రసం. పొట్ట చుట్టూ కొవ్వు పెరిగితే ఆ తాళంచెవి సరిగా తిరగదు. షుగరు జబ్బుకు దారి ఇదే.

ఆడే రోజుల్లో ఇది బయటపడదు. రోజూ పరుగు ఉంటుంది కదా! అసలు ఆట షుగరును దూరం పెడుతుంది. తప్పు ఆటది కాదు, పస్తుది. పెళ్లయ్యాక ఆట ఆగుతుంది. ఆకలి ఆగుతుందా? ఫిన్లాండ్ దేశంలో పాత ఆటగాళ్లను పరిశీలించి 2006లో ఫలితం చెప్పారు. వాళ్లు మగవాళ్లు. తూకం కోసం తగ్గుతూ పెరుగుతూ వచ్చిన బాక్సర్లు, కుస్తీవాళ్లు నడివయసులో మిగతా ఆటగాళ్ల కంటే ఎక్కువ లావెక్కారు. లావెక్కితే షుగరు భయం ఎక్కువ. మన దేశంలో అయితే అంత లావు లేకున్నా వస్తుంది, చిన్న వయసులోనే వస్తుంది. ఇంట్లో అవ్వకో తాతకో ఉంటే ఇంకా జాగ్రత్త.

కరణం మల్లీశ్వరిని చూడండి. శ్రీకాకుళం జిల్లా ఆడబిడ్డ. 1994లో, 1995లో 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేత. 1998 ఆసియా ఆటల్లో 63 కిలోల తరగతిలో వెండి పతకం. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల తరగతి. అక్కడ మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారత మహిళ ఆమే. పై తరగతికి పోతే పతకం రాదని ఎవరన్నారు?

కాబట్టి బడికి పోయి డ్రిల్లు అయ్యవారిని అడగండి. "మా పిల్లను పై తరగతిలో ఆడించండి సార్" అనండి. బరువు తగ్గాల్సిందే అంటే నెలల ముందు నుంచి కొంచెం కొంచెంగా తగ్గాలి. నీళ్లు మాత్రం ఆపొద్దు. పిల్లకు నెలసరి ఆగినా, కళ్లు తిరిగినా డాక్టరమ్మకు చూపించండి.

ఒకప్పుడు ఆడి మానేసిన అక్కలు నెత్తురు పరీక్ష చేయించుకోవాలి. పరగడుపున 100 లోపు ఉంటే మంచిది. 126 గానీ, అంతకు మించి గానీ ఉంటే మళ్లీ పరీక్ష చేసి షుగరు అవునో కాదో తేలుస్తారు. 30 ఏళ్లు దాటినవాళ్లకు సర్కారు ఆసుపత్రిలో ఈ పరీక్ష ఉచితం. ఆ పొద్దున కాఫీ కూడా తాగకుండా పోవాలి.