గుర్రం ఒక పగ్గం మీదే బరువేస్తోందా?

చాలామంది కొత్త రైడర్లకి ఎదురయ్యే ఒక ఇబ్బంది గురించి ఈరోజు మాట్లాడుకుందాం.

ట్రాట్‌లో వెళ్తుంటే కుడి పగ్గం బరువెక్కిపోతుంది, ఎడమది వదులుగా ఉంటుంది. అప్పుడు మనమేం చేస్తాం? కుడి పగ్గం ఇంకా గట్టిగా లాగుతాం. నేనూ అదే చేశాను. ఒకరోజు కళ్లెం తీసి చూస్తే దాని పెదవి మూల ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది. తప్పు దానిది కాదు, నాది.

మనలో కుడి, ఎడమ చేతివాటం ఉన్నట్టే గుర్రానికీ ఒక పక్క బిగువుగా ఉంటుంది. మనం పట్టుకుని లాగితే దానికి ఆనుకోవడానికి ఆసరా దొరికినట్టే. 400, 500 కిలోల జీవితో లాగుడు పోటీలో మనం గెలవలేం కదా!

ముందు దాని పళ్లు డాక్టర్‌కి చూపించండి. జీను సరిగ్గా కూర్చుందా, మీరే ఒక పక్కకి ఒరుగుతున్నారా చూసుకోండి. నొప్పి ఉంటే ఏ ట్రైనింగూ పనిచెయ్యదు.

తర్వాత కుడివైపు 20 మీటర్ల సర్కిల్ వెయ్యండి. కుడి కాలితో మెల్లగా నొక్కండి, ఎడమ పగ్గం నిలకడగా పట్టుకోండి. కుడి వేళ్లు ఒక్క క్షణం బిగించి, వెంటనే వదిలెయ్యండి. తల తనే మోసుకుంటూ రెండు మూడు అడుగులు వేసినా చాలు, మెడ నిమరండి. మధ్యమధ్యలో నడకకి దించి మళ్లీ ట్రాట్‌కి తీసుకెళ్లండి. దిక్కు మార్చి రెండోవైపూ చెయ్యండి.

ఇది ఒక్కరోజులో అయ్యే పని కాదు. కానీ వదలడం మనం నేర్చుకుంటేనే, ఆనుకోవడం అది మానేస్తుంది.